పడవలో తుమ్మెద

వారం రోజులుగా రాజరత్నాన్ని మనం ఎండిన కాలువకి వెళ్ళే దారిలోనే నిలబెట్టి ఉంచాం. అసలే రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. ఇంక ఆలస్యం చేస్తే ఆ పాపం మనకే చుట్టుకుంటుంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను. పాతవాళ్ళు ఈలోగా ఆకు, వక్క వేసుకోవచ్చు.

కాకినాడ కాలువ మీద ధాన్యం మోయించడానికి బుల్లిరాజుగారనే ఆసామి ఒక మోటారు పడవ కొన్నాడు. ఎవరో దొర వాడి వాడి వదిలేసిన పాత పడవ. దానికి జీవరాజు డ్రైవరు, చిట్టియ్య చుక్కాని పట్టేవాడు. మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున్న, లాకు దగ్గర, జీవరాజు ఇంజను చక్రం పక్కన వంగి చమురు పోస్తూ ఉండగా ఇంజను ఉన్నట్టుండి తిరిగింది. చక్రం అతన్ని కొట్టి కాలువలో పడేసింది. మర్నాటికి గాని శవం దొరకలేదు. తాను చుక్కాని దగ్గరే ఉన్నాననీ, ఇంజను దానంతట అదే తిరిగిందనీ చిట్టియ్య మొత్తుకున్నాడు. అయితే అంతకు ముందురోజే సంతలో, నలుగురి ముందూ, జీవరాజు అతని చెంప పగలగొట్టి ఉన్నాడు. దానంతట అదే తిరిగే ఇంజను సంగతి పోలీసువారి పుస్తకాల్లో లేదు. అంచేత చిట్టియ్య ఇప్పుడు రాజమండ్రి జైల్లో ఉన్నాడు. సోమవారం సెషన్సు కోర్టులో విచారణ. ఉరో, ద్వీపాంతరమో తేలిపోతుంది.

రాజరత్నం రాజమండ్రిలో మిషను వర్క్‌షాపు మేస్త్రీ. ఇరవై ఏళ్ళ అనుభవం. చచ్చిపోయిన జీవరాజు అతనికి స్వయానా బావగారు, చెల్లెలు ప్రసన్నకుమారి మొగుడు. ఎవరూ ముట్టుకోకుండా ఇంజను తిరుగుతుందా, తిరగదా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి కోర్టువారు అతన్ని సాక్షిగా పిలిచారు. ఆ మాట తేల్చుకుందామని అతను పడవ దగ్గరికి బయల్దేరుతుంటే, శవం మీద దొరికిన వస్తువుల మూట విప్పి, అందులోంచి వేలెడంత ఇత్తడి మేకు తీసి, ప్రసన్నకుమారి అన్న చేతిలో పెట్టింది. పోయిన వారం మనం ఆగింది అక్కడ.

ఆ మేకు చూసి రాజరత్నానికి ఒళ్ళు జల్లుమనడానికి కారణం ఉంది. ఆ పడవలో ఇంజను పైన ఒక టేకు పలక, ఆ పలకకి ఒక రంధ్రం. ఇత్తడి మేకు ఆ రంధ్రంలో దూరిస్తే బ్యాటరీలోంచి కరెంటు బయల్దేరి పక్కనున్న కాయిల్ పెట్టెలోకి పోతుంది. పెట్టెలో ఒక సన్నని ఇనప నాలుక ఉంటుంది. కరెంటు తగలగానే అది ఝుమ్మని ఆడుతుంది. అది ఆడినంతసేపూ సిలిండరులో నిప్పురవ్వలు పడతాయి, పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది, చక్రం తిరుగుతుంది. మేకు తీసేస్తే ఇంజను ఉత్త ఇనుము. జీవరాజు ఎంత జాగ్రత్తపరుడంటే, మేకు పీకి మొలతాడుకి కట్టుకుంటే గాని చక్రం దగ్గరికి వెళ్ళేవాడు కాదు. పోలీసువాళ్ళు జాబితాలో 'ఇత్తడి మేకు ఒకటి' అని రాసి ఊరుకున్నారు. మేకు మొలతాడుకే ఉందంటే పలక ఖాళీగా ఉందన్నమాట. మరి నిప్పెక్కణ్ణించి వచ్చింది? మొలతాడుకి ఒక మేకు ఉన్నా, చిట్టియ్య చేతిలో ఇంకో మేకు ఉండకూడదా అని సర్కారు వకీలు అడుగుతాడు. అడగకుండా ఉంటే వకీలే కాడు.

గురువారం తెల్లవారకుండానే రాజరత్నం పడవలోకి దిగాడు. వేసవిలో కాలువలు కట్టేసే రోజులు కాబట్టి నీటిచుక్క లేదు. పడవ ఎడమ పక్కకి ఒరిగి బురదలో కూరుకుని ఉంది. బురద పైన ఎండి పెచ్చులు లేచింది. నీళ్ళున్నప్పుడు దాచుకున్నవన్నీ కాలువ బయట పెట్టేసింది. పగిలిన కడవలు, గేదె పుర్రె, ఏ పిల్ల కాలిదో ఒక వెండి గజ్జె. ఒడ్డు మీద పిట్ట కూడా కూయడం లేదు. అంత ఎండలోనూ పడవ అడుగున కాలు పెడితే చల్లగా తగిలింది. ఆ చల్లదనం అతనికి నచ్చలేదు.

అయినా పని తెలిసినవాడికి పనే ధైర్యం. ముందు బ్యాటరీ చూశాడు. చచ్చి ఊరుకుంది. మేకు తీసేసి ఉన్న బ్యాటరీ మూడు నెలల్లో ఇంత పూర్తిగా దిగిపోకూడదు. దీన్ని ఎవరు తాగేశారని ఒక్క క్షణం అనుకుని, ఆ ఆలోచన పక్కన పెట్టాడు. అక్కడే అతను పప్పులో కాలేశాడు, మీరు గుర్తుపెట్టుకోండి. రాజమండ్రి నుంచి మోసుకొచ్చిన కొత్త సెల్లులు బిగించాడు. తీగల చివర పట్టిన పచ్చటి చిలుము నిమ్మచెక్కతో తోమి, గుడ్డతో తుడిచాడు. తీగలన్నీ వేళ్ళతో తడుముతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళాడు. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఒరుసుకోలేదు. మేకు పెడితే కాయిల్ ఝుమ్మంది, తీస్తే నోరు మూసుకుంది. ముప్పైసార్లు పెట్టాడు, ముప్పైసార్లు తీశాడు. బడిలో బుద్ధిమంతుడైన కుర్రాడిలా ఉంది ఇంజను.

చివరికి శనివారం, జీవరాజు పోయిన రోజు ఏమేం చేశాడో అన్నీ వరసగా చేశాడు. సిలిండరులో చెంచాడు పెట్రోలు పోసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, ఒక్క నిప్పురవ్వ పడితే అంటుకునే చోట ఆపాడు. మేకు పీకి జేబులో వేసుకున్నాడు. వెనక్కి జరిగి, బల్ల మీద కూర్చుని, ఎదురుచూశాడు. అరగంట గడిచినా ఏమీ కాలేదు.

గట్టు మీద తాటాకు గొడుగు కింద బుల్లెమ్మ కూర్చుని ఉంది. చిట్టియ్య తల్లి. మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి, అదే చోట కూర్చుని, ఇతని చేతుల వంకే చూస్తోంది. రోజుకి ఒక్కసారి మాత్రం నోరు విప్పుతుంది.

"దొరికిందా బాబూ?"

"ఇంకా లేదమ్మా."

అన్నాడే గాని ఆ మాటకి తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. దొరకడానికి ఏముంది? ఇంజను నిర్దోషి అని తేలిపోయింది. సోమవారం జడ్జి దొరగారు అడిగితే, మేకు లేకుండా ఇంజను తిరగదండీ అని బైబిలు మీద చెయ్యేసి తను చెప్పాలి. అది నిజం. ఆ నిజం ఈ ముసలమ్మ కొడుకుని తీసుకుపోయి ఉరికొయ్యకి తగిలిస్తుంది. రాజరత్నానికి దుఃఖం వచ్చింది. చిట్టియ్య హంతకుడని అతని మనసు ఒప్పుకోవడం లేదు. మనసు సాక్ష్యం కోర్టులో చెల్లదు.

లాకు తలుపులు తీసే కళాసి పల్లంరాజు గట్టు మీద నుంచి కేకేశాడు. పడవకి పది గజాల దూరం దాటి అతను దగ్గరికి రాడు.

"మేస్త్రీగారండీ, పైనించి నీళ్ళు వదిలేశారంటండి. ఇంకో గంటకి ఇక్కడుంటాయి. వచ్చేయండి."

"వస్తాను. పని కాలేదు."

"అది మీ వల్ల అయ్యే పని కాదండి. తప్పుగా అనుకోకండి. నీళ్ళు నిండగానే బుల్లిరాజుగారి మనుషులొచ్చి దీన్ని కాకినాడ లాక్కుపోతారు. అమ్మేశారంట. పీడా వదులుతుంది."

"పడవ ఏం చేసింది పల్లంరాజూ, పీడ అంటావు?"

పల్లంరాజు తలగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. "మీరు చర్చికెళ్ళేవారు, నమ్మరు. ఈ చెవులతో విన్నానండి. ఆయన పోయాక నెల రోజుల పాటు, సాయంత్రం ఏ పడవ పక్కనించి వెళ్ళినా సరే, ఇందులో తుమ్మెద ఝుమ్మనేదండి. లోపల మనిషుండడు. తొంగి చూస్తే తుమ్మెదా ఉండదు. జీవరాజుగారి ప్రాణమే అలా తిరుగుతోందని మా ఆవిడ దీపం పెట్టింది. తర్వాత తర్వాత సన్నగిల్లింది. కాలువ కట్టేశాక బొత్తిగా ఆగిపోయింది. నీళ్ళు లేకపోతే వాళ్ళకి బలం ఉండదంటారు కదండీ."

నవ్వుదామనుకున్నాడు రాజరత్నం. నవ్వు రాలేదు. జేబులో మేకు తడిమి చూసుకున్నాడు. ఉంది.

నీళ్ళు రావడం చూసినవాళ్ళకి తెలుస్తుంది, అవి వరదలా విరుచుకుపడవు. ముందు కొంగలు వచ్చాయి, తాపీగా నడుచుకుంటూ. వాటి వెనక ఎండ్రకాయలు కన్నాల్లోంచి లేచి పరుగులు. ఒక నీరుకట్టె పాము గట్టెక్కిపోయింది. ఆ తర్వాత పెచ్చులూడిన బురద మీద నురగ, గడ్డిపరకలు, ఎర్రటి నీళ్ళు నాలుక చాపుకుంటూ మెల్లగా పాకి వచ్చాయి. కడవ పెంకులు మునిగాయి. గేదె పుర్రె కళ్ళల్లోకి నీళ్ళు దూరి బుడగలు లేచాయి. చప్పుడు లేదు. పడవ కింద నీరు చేరినప్పుడు మాత్రం చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి మూలిగాయి.

రాజరత్నం సామాను సర్దడం మొదలెట్టాడు. ఒరిగి ఉన్న పడవ కొద్దికొద్దిగా లేచి నిలబడింది. ఒకసారి అటూ ఇటూ ఊగి, తేలింది. మూడు నెలల తర్వాత దానికి ఊపిరి వచ్చినట్టనిపించింది అతనికి. చిన్న రెంచి ఒకటి జారి ఇంజనుకి కుడి పక్కన, చక్రం కింద పడింది. తీద్దామని వంగాడు. అతని బరువుకి పడవ కుడి వైపుకి వాలింది.

తల మీద తుమ్మెద ఝుమ్మంది.

ఇరవై ఏళ్ళుగా విన్న చప్పుడు కాబట్టి బుర్రకి తట్టేలోపే చెయ్యి దానంతట అది వెనక్కి వచ్చేసింది. ఆ చెయ్యి ఉన్న చోటి మీదుగా చక్రం గిర్రున తిరిగింది. చక్రానికున్న పిడి చొక్కా చేతిని చింపుకుంటూ పోయింది. ఇంజను దగ్గింది, ఇంకోసారి దగ్గింది, వెనకాల ఎర్రనీళ్ళు, బురద చిమ్మాయి. నాలుగైదు చుట్లు తిరిగి, ఎవరో వద్దన్నట్టు ఆగిపోయింది. నీలం పొగ నీళ్ళ మీద పరుచుకుంది.

గట్టు మీద పల్లంరాజు లేడు. అతను పరిగెత్తిన దారిలో తలగుడ్డ మాత్రం పడి ఉంది. బుల్లెమ్మ గొడుగు వదిలేసి లేచి నిలబడింది. పారిపోలేదు. పారిపోవడానికి ఆమెకింక ఏ భయం మిగిలిందని?

రాజరత్నం కూలబడ్డాడు. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ క్షణంలో అతను బావా అని పిలిచాడు కూడా. జేబులోంచి మేకు తీసి చూశాడు. ఖాళీ రంధ్రం వంక చూశాడు. పడవ ఊగి మళ్ళీ కుడికి వాలింది. తుమ్మెద మళ్ళీ ఝుమ్మంది. ఎడమకి వాలింది, ఆగింది. కుడికి వాలింది, ఝుమ్మంది.

అప్పుడు అతని బుర్రలో దీపం వెలిగింది. పక్కనించి పడవ వెళ్తే అల వస్తుంది. అల వస్తే ఇది ఊగుతుంది. బ్యాటరీ ఎవరు తాగారో, సన్నగిల్లి సన్నగిల్లి ఎందుకాగిందో తెలిసిపోయింది. బురదలో ఎడమకి ఒరిగి ఉన్నంతకాలం ముప్పైసార్లు కాదు, మూడువందల సార్లు చూసినా దొరకదు. జీవరాజు కుడి పక్కన వంగాడు. చమురు పోసే చోటు అదే. మనిషి బరువుకి పడవ వాలింది.

ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. తర్వాత టేకు పలక మరలు విప్పాడు. నాలుగు మరలకి నలభై మరలంత సేపు పట్టింది. పలక ఊడి చేతికొచ్చింది.

వెనక వైపు, మేకు పెడితే కలిసే రెండు ఇత్తడి మరల మధ్య, గుడ్డపేలికకి కట్టిన ఒక రాగి రేకు వేలాడుతోంది. అరచేతిలో సగం ఉంటుంది. రేకు మీద గీతలు, గడులు, మూలమూలకీ అక్షరాలు. మంత్రగాళ్ళు రాసిచ్చే రక్షరేకు. పడవ ఎడమకి ఒరిగితే అది మరలకి దూరంగా వేలాడుతుంది. కుడికి వాలితే రెంటినీ తాకుతుంది. తాకిన రెండు చోట్లా కాలి నల్లబడి ఉంది. నడిమి గడిలో గంటంతో గీకిన పేరు చదివాడు. జీవరాజు.

చంపింది ఇదేనన్నమాట. ప్రాణం కాపాడమని కట్టిన రేకు.

బుల్లెమ్మ నీళ్ళ అంచు దాకా దిగి వచ్చింది. "నా బిడ్డ చెప్పిందే నిజం కదా బాబూ. ఎవరూ ముట్టుకోలేదు. నా కళ్ళతో చూశాను. నువ్వూ చూశావు."

"చూశానమ్మా."

"సోమారం ఆ మాట దొరగారితో చెప్తావు కదా."

"చెప్తాను. ఇదిగో, ఇది చూపించి మరీ చెప్తాను."

ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. రాజరత్నం గుండె మీంచి పెద్ద బండ దిగింది. ఈ ఊళ్ళో ఎవరో అమాయకులు, బహుశా బుల్లిరాజుగారి ఇంట్లో వాళ్ళే, భక్తి కొద్దీ కట్టించి ఉంటారనుకున్నాడు. ఎవరు కట్టారని కోర్టులో అడుగుతారు, విచారించి కనుక్కోవాలి. అలా అనుకుంటూ పేలిక ముడి విప్పబోయి, దాని వంక చూశాడు.

తెల్ల నేత. ఆకుపచ్చ గీత. గీత వెంట ఎర్ర గింజలు, వాటి నడుమ ఒక్క నల్ల గింజ.

ఆ నల్ల గింజ అతనికి తెలుసు. ఏడేళ్ళ కిందట చెల్లెలి పెళ్ళికి ఉప్పాడలో దగ్గర కూర్చుని నేయించిన చీర అది. చివరి జానెడులో నేతగాడు పొరపాటున ఒక నల్లపోగు కలిపేసి, విప్పి మళ్ళీ నేస్తానన్నాడు. దిష్టిచుక్కలా ఉంటుందిలే, ఉండనీ అని నవ్వి తెచ్చేశాడు రాజరత్నం. అలాంటి అంచు ఈ గోదావరి జిల్లాలో ఇంకొకటి లేదు.

ప్రసన్నకుమారి మిషను బడిలో పంతులమ్మ. తాయెత్తు కట్టుకుని బడికొచ్చిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఓపిగ్గా విప్పించి, ప్రార్థన నేర్పి పంపే మనిషి. పెళ్ళయిన నాటి నుంచీ పడవ పని మానేయమని మొగుణ్ణి పోరింది. అతను మానలేదు. ఆ సంగతి రాజరత్నానికి ఇప్పుడు గుర్తొచ్చింది. పాదిరిగారికీ ప్రభువుకీ కూడా చెప్పుకోలేని భయంతో ఆమె ఏ గుమ్మం తొక్కిందో, ఎవరి కాళ్ళు పట్టుకుందో.

పడవ పక్కన కాలువ మోకాలి లోతుకి పెరిగింది. రేకు వేళ్ళ మధ్య నుంచి జారవిడిస్తే చాలు, ఎర్రనీళ్ళు మింగేస్తాయి, ప్రసన్న బతికినన్నాళ్ళూ తెలియదు. కాని అది లేకపోతే పడవ మళ్ళీ బుద్ధిమంతురాలైపోతుంది. దొరగారు ఓ ముసలమ్మ మాట, ఓ పారిపోయిన కళాసి మాట వినరు. రేకు చూపిస్తే చిట్టియ్య బతుకుతాడు. అంచు చూపించకుండా రేకు చూపించవచ్చు. కాని ఎవరు కట్టారన్న ప్రశ్నకి బైబిలు మీద చెయ్యేసి తెలియదని ఎలా చెప్పడం? రాజరత్నం అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

"అన్నయ్యా."

అతను తల ఎత్తాడు. గట్టు మీద ప్రసన్నకుమారి నిలబడి ఉంది, చేతిలో అన్నం గిన్నె. రోజూ ఈ వేళకి తెస్తుంది. తెల్లచీర చెంగు తల మీద కప్పుకుంది. దారిలో పల్లంరాజు ఎదురై చెప్పినట్టున్నాడు, ఆయాసపడుతోంది.

"తిరిగిందట కదా. దానంతటదే తిరిగిందట. అంటే చిట్టియ్య కాదు. నేను అతన్ని ఎన్ని తిట్టుకున్నానో." ఆమె బుల్లెమ్మ వంక చూసి, చూడలేక కళ్ళు దించుకుంది. "ఎందుకు తిరిగింది? నీకు దొరికిందా? ఎవరి చెయ్యైనా సరే, నాకు చూపిస్తానన్నావు."

రాజరత్నం పిడికిలి బిగించాడు. బిగించిన పిడికిలిలోంచి జానెడు అంచు బయటికి వేలాడుతోందని అతను గమనించలేదు.

ఆమె గమనించింది. గిన్నె కింద పెట్టి, నీళ్ళలోకి దిగి, చీర తడుస్తున్నా చూసుకోకుండా పడవ అంచు పట్టుకుంది. ఆ బరువుకి పడవ కుడికి వాలింది. బ్యాటరీ తీగ ఊడదీసి ఉంది గనక తుమ్మెద పాడలేదు.

"ఆయన చూస్తే పారేస్తారని పలక వెనక కట్టానన్నయ్యా," అంది చాలా మెల్లగా. తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్ల మొహం అది. "చర్చిలో చెప్పకు. అది అక్కడే ఉందా, ఇన్నాళ్ళూ? ఊడిపోలేదా?"

బుల్లెమ్మ నీళ్ళ అంచున నిలబడి వింటోంది.

"అక్కడే ఉందమ్మా," అన్నాడు రాజరత్నం.

ప్రసన్నకుమారి అతని పిడికిలి మీద చెయ్యి వేసింది.

"మరి ఆయన్ని ఎందుకు కాపాడలేదన్నయ్యా?"